టీవీలో బిజినెస్ పిచ్‌కు వెళ్లే ముందు జాగ్రత్తలు

నెల్లూరు రొయ్యల పచ్చడైనా, ఉదయగిరి చెక్క గరిటెలైనా, టీవీ షోలో పెట్టుబడిదారులకు మీ వ్యాపారం గురించి చెప్పి, వాటా ఇచ్చి డబ్బు అడగడానికి (దీన్నే పిచ్ అంటారు) బయలుదేరే ముందు ఇవి చూసుకోండి.

• 10 శాతం వాటాకు 50 లక్షలు అడిగితే కంపెనీ విలువ 5 కోట్లని మీరే చెప్పినట్టు. ఏడాది అమ్మకాలు 40 లక్షలే అయితే ఆ మాట ఎలా నిలబెడతారు? అమ్మకాలు, లాభం, ఒక్కో సీసాకు అయ్యే ఖర్చు కాగితం చూడకుండా చెప్పగలగాలి. చాలామంది తడబడేది ఇక్కడే.

• సీసా మీద ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (కేంద్ర ఆహార భద్రత సంస్థ) నంబరు ఉందా?

• బ్రాండ్ పేరుకు ట్రేడ్‌మార్క్ దరఖాస్తు షో ప్రసారానికి ముందే పెట్టేయండి.

• చదవకుండా ఒప్పందంపై సంతకం వద్దు.

• స్టేజీ మీద డీల్ కుదిరినా తర్వాత పత్రాల తనిఖీ ఉంటుంది. డబ్బు ఖాతాలో పడేదాకా దాన్ని నమ్ముకుని అప్పు చేయకండి.

• టెన్షన్‌లో యాస మార్చుకోవద్దు. మన మాట మనకు అందమే.