వానలు ముదరక ముందే మీ కారు ఎయిర్ ఫిల్టర్ ఎక్కడుందో వంగి చూడండి

పోయిన వారం రాత్రి వానకి తిరుపతిలో ఒక అండర్ బ్రిడ్జి కింద నీళ్లు నిలిచాయి. టైరు సగానికి కూడా రాని నీళ్లు. ముందు ఆటోలు దాటాయి. వెనకాల ఒక కారు కూడా దాటింది. మధ్యలో ఉన్న ఒక కుర్రాడి కారు, అదీ అదే మోడల్, మాత్రం టక్కున ఆగింది. వెనక నుంచి హారన్లు మోగుతుంటే టెన్షన్‌లో సెల్ఫ్ మీద సెల్ఫ్ కొట్టాడు. మర్నాడు కారు టోయింగ్ బండి మీద మా షెడ్డుకు వచ్చింది. ఇంజిన్ విప్పితే రెండు కనెక్టింగ్ రాడ్లు, అంటే పిస్టన్‌ను కింద తిరిగే ఇరుసుకు కలిపే కడ్డీలు, వంగి ఉన్నాయి.

దాటిన కారుకీ ఆగిన కారుకీ తేడా ఒక్కటే. ఆగిన కారుకు బయట కొని వేయించిన కోల్డ్ ఎయిర్ ఇంటేక్, అంటే ఇంజిన్‌కు చల్లగాలి అందించే పైపూ ఫిల్టరూ ఉన్నాయి. దాని కోన్ ఫిల్టర్ ముందు బంపర్ మూలన, ఫాగ్ ల్యాంప్ వెనక, రోడ్డుకు జానెడు ఎత్తులో ఉంది. ఆ సంగతి ఆ అబ్బాయికి తెలియనే తెలియదు. సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. బానెట్ ఎత్తితే మెరిసే అల్యూమినియం పైపు కనిపిస్తుంది కాబట్టి, ఫిల్టర్ కూడా అక్కడే ఎక్కడో ఉంటుందనుకున్నాడు.

అందుకే ఇది రాస్తున్నాను. వైపర్లు, టైర్లు, హెడ్‌లైట్ల గురించి అందరూ చెబుతారు, నేను చెప్పను. ఈ ఫిల్టర్ గురించీ, ఆ సెల్ఫ్ గురించీ మాత్రమే చెబుతాను.

మన తిరుపతి, చిత్తూరు వైపు ముంచెత్తే వాన జూన్‌లో కాదు, ఎక్కువగా అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా వస్తుంది. 2021 నవంబర్‌ ఎవరూ మర్చిపోయి ఉండరు. స్వర్ణముఖి పొంగింది, రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని ఊళ్లు ఖాళీ చేయించారు, చిత్తూరులో నీవా నది ఇళ్లలోకి వచ్చింది. 2022 డిసెంబర్‌లో మాండౌస్ తుపాను, 2023 డిసెంబర్‌లో మిచౌంగ్ తుపాను. ఈ మూడు నెలల్లోనే వాయుగుండాలు మన వైపు వస్తుంటాయి. 2021 అక్టోబర్‌లో వెస్ట్ చర్చి దగ్గర రైల్వే అండర్ బ్రిడ్జి నీళ్లలో బండి ఇరుక్కుని, కొత్తగా పెళ్లయిన అమ్మాయి ప్రాణమే పోయింది. ఇంజిన్ సంగతి తర్వాత. ముందు ఆ విషయం మనసులో పెట్టుకుని మిగతాది చదవండి.

ఫిల్టర్ ఎక్కడ ఉంటుంది

కంపెనీ నుంచి వచ్చిన కారులో ఎయిర్ ఫిల్టర్ బానెట్ కింద ఒక నల్లటి ప్లాస్టిక్ డబ్బాలో ఉంటుంది. ఆ డబ్బాకు గాలి పీల్చే మూతి చాలా కార్లలో రేడియేటర్ పైభాగంలోనో హెడ్‌లైట్ వెనకో, వీలైనంత ఎత్తులో పెడతారు. వాన నీళ్లు చిమ్మినా లోపలికి పోకుండా వంపు తిప్పుతారు. చాలావాటికి అడుగున నీళ్లు కారిపోవడానికి చిన్న రంధ్రం కూడా ఉంటుంది. దీన్ని చూసి పాతకాలపు పద్ధతి అనుకునేవాళ్లున్నారు. నా లెక్కలో మన రోడ్లకు అంతకంటే బాగా ఆలోచించి చేసింది లేదు.

బయట కొనే ఇంటేక్‌లు మూడు రకాలు. ఒకటి షార్ట్ రామ్. పైపు పొట్టిగా ఉంటుంది, కోన్ ఫిల్టర్ ఇంజిన్ పక్కనే పైన కనిపిస్తుంది. ఇంజిన్ వేడి గాలినే మళ్లీ పీలుస్తుంది కాబట్టి పెద్ద లాభం ఉండదు. కానీ ఎత్తులో ఉంటుంది కాబట్టి నీళ్ల భయం తక్కువ. రెండోది, కంపెనీ డబ్బా ఉన్న చోటే వేరే డబ్బా పెట్టి లేదా రేకు అడ్డుపెట్టి వేడి తగలకుండా చేసేది. ఇది కూడా ఫర్వాలేదు, కొత్త మూతి ఎటు తిరిగి ఉందో చూసుకోవాలి.

మూడోది అసలైన కోల్డ్ ఎయిర్ ఇంటేక్. ప్రమాదమంతా దీంతోనే. చల్లటి గాలి చిక్కగా ఉంటుంది, అందులో ఆక్సిజన్ ఎక్కువ. అది కావాలంటే ఇంజిన్ వేడికి దూరంగా పోవాలి. అందుకని పొడవైన పైపు కిందికి దించి, ఫిల్టర్‌ను బంపర్ లోపల మూలనో, ముందు చక్రానికి ముందు మడ్‌గార్డ్ లోపలో, ప్లాస్టిక్ లైనింగ్ వెనకో పెడతారు. మే నెలలో రేణిగుంట వైపు నలభై డిగ్రీలు దాటుతుంది కాబట్టి ఇది వేయించుకునేవాళ్లు ఎందుకు వేయించుకుంటున్నారో నాకు అర్థమవుతుంది. ఎండాకాలానికి సరే. కానీ అదే చోటు వానాకాలంలో నీళ్లు మొదట చేరే చోటు. చిన్న కార్లలో చాలాసార్లు చక్రం మధ్యభాగం కంటే కిందే ఉంటుంది.

మీది ఏ రకమో ఎవరినీ అడగొద్దు. బానెట్ ఎత్తి పైపు వెంబడి చేత్తో తడుముతూ పోండి. ఫిల్టర్ కనపడకుండా పైపు కిందికి దిగిపోయి రేకు వెనక్కి మాయమైతే, మీది మూడో రకమే. బ్యాటరీ పక్క నుంచో హెడ్‌లైట్ కింద నుంచో మొబైల్ లైటు వేసి చూడండి, లేదా ముందు చక్రం పూర్తిగా తిప్పి లైనింగ్ సందులోంచి చూడండి. తర్వాత టేపు తీసుకుని నేల నుంచి ఫిల్టర్ అడుగు భాగానికి ఎంత ఎత్తుందో కొలవండి. ఖాళీ కారుతో కొలవొద్దు. ఐదుగురు కూర్చుని, డిక్కీలో సామాన్లు వేసుకుని కొండకు బయలుదేరినప్పుడు కారు ఎంత దిగుతుందో అంత దించి కొలవండి. ఆ అంకెను గుర్తుపెట్టుకోండి. మీ కారు దాటగలిగే నీళ్ల లోతు అంతకంటే తక్కువే.

సెల్ఫ్ ఎందుకు కొట్టకూడదు

ఇంజిన్ సిలిండర్‌లో పిస్టన్ పైకి వచ్చి గాలిని నొక్కుతుంది. గాలి నలుగుతుంది. నీళ్లు నలగవు. అక్కడ నీళ్లుంటే పిస్టన్ పైకి రాలేదు, కింద తిరిగే ఇరుసు (క్రాంక్) తోస్తూనే ఉంటుంది, మధ్యలో ఉన్న కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది.

దీనికి ఎన్ని నీళ్లు కావాలో లెక్క చూడండి. 1200 సీసీ నాలుగు సిలిండర్ల పెట్రోల్ కారులో ఒక్కో సిలిండర్ 300 సీసీ. కంప్రెషన్ పదికి ఒకటి, అంటే లోపలి గాలిని పదో వంతుకు నొక్కుతుంది అనుకుంటే, పిస్టన్ పూర్తిగా పైకి వచ్చినప్పుడు మిగిలే జాగా 33 మిల్లీలీటర్లు. అంటే దగ్గు మందు మూతతో మూడు మూతలు. డీజిల్ కారులో కంప్రెషన్ పదహారు పదిహేడు ఉంటుంది కాబట్టి అదే సైజు ఇంజిన్‌లో మిగిలేది 20 మిల్లీలీటర్లే. నీళ్లలో మునిగిన ఫిల్టర్ ఆ మాత్రం నీళ్లు లాగడానికి ఎంతసేపు పడుతుంది?

నీళ్లలో ఇంజిన్ దానంతట అది ఆగిందంటే, చాలాసార్లు నష్టం ఇంకా పూర్తిగా జరగలేదు. నెమ్మదిగా వెళ్తున్నప్పుడు ఊపిరాడక ఆగిన ఇంజిన్‌ను ఎండబెట్టి కాపాడిన సందర్భాలు మా షెడ్డులో ఉన్నాయి. ఆగిన తర్వాత కొట్టిన సెల్ఫే దాన్ని చంపుతుంది. ఫిల్టర్ ఇంకా నీళ్లలోనే ఉంది కదా. సెల్ఫ్ తిప్పిన ప్రతిసారీ ఇంజిన్ పీల్చేది నీళ్లే. నీళ్లు చేరని ఒక సిలిండర్‌లో ఇంధనం అంటుకుందంటే, ఆ ఊపుకే నీళ్లున్న పక్క సిలిండర్‌లో రాడ్డు వంగుతుంది.

కాబట్టి నీళ్లలో ఆగిన ఇంజిన్‌కు సెల్ఫ్ కొట్టొద్దు. ఒక్కసారి కూడా. "చూద్దాం, పడుతుందేమో" అని కూడా వద్దు.

ఇప్పుడే చేయాల్సినవి

అన్నిటికంటే మేలైన పని: అక్టోబర్ మొదట్లో కంపెనీ ఎయిర్ బాక్స్ తిరిగి బిగించేయడం, జనవరిలో మళ్లీ కావాలంటే కోల్డ్ ఎయిర్ వేసుకోవడం. తెలిసినవాడికి గంట పని. దీనికి మీ పాత డబ్బా మీ దగ్గరుండాలి. ఇంటేక్ వేయించేటప్పుడు దాన్ని షాపులో వదిలేసి రాకండి, పాత సామాన్లకు అమ్మకండి. మూత, క్లిప్పులు, రబ్బర్ గొట్టం అన్నీ ఒక సంచిలో కట్టి అటకమీద పెట్టుకోండి.

కొన్ని కిట్లలో పైపు రెండు ముక్కలుగా వస్తుంది. కింది ముక్క తీసేసి ఫిల్టర్‌ను పై ముక్కకే బిగిస్తే షార్ట్ రామ్ అవుతుంది. ఈ మూడు నెలలూ అలా నడపండి. కాస్త వేడి గాలి పీల్చినంత మాత్రాన ఏమీ కాదు.

ఫిల్టర్‌కు తొడిగే నీళ్లు పట్టని గుడ్డ తొడుగులు అమ్ముతారు. అవి తుంపర్లను ఆపుతాయి, మునిగితే ఆపలేవు. బైపాస్ వాల్వ్ అని పైపు మధ్యలో పెట్టేది ఇంకొకటి ఉంది. కింద ఫిల్టర్ మునిగితే పైన ఆ వాల్వ్ తెరుచుకుని అక్కడి నుంచి గాలి వస్తుంది. మంచిదే, కానీ నీళ్లు వాల్వ్ ఎత్తుకు వస్తే అదీ పనిచేయదు, టర్బో బండ్లకు సాధారణంగా పనికిరాదు. వీటిని నమ్ముకుని నీళ్లలోకి దిగేవాళ్లను చూస్తే నాకు భయమేస్తుంది.

చక్రం పక్కన ప్లాస్టిక్ లైనింగ్ చూడండి. స్పీడ్ బ్రేకర్లకు తగిలి క్లిప్పులు ఊడి ఉంటే, చక్రం చిమ్మే నీళ్లన్నీ నేరుగా ఫిల్టర్ మీదే పడతాయి. క్లిప్పులు పెద్ద ఖర్చు కాదు, వేయించండి.

ఇన్సూరెన్స్ పాలసీ తీసి చదవండి. మామూలు పాలసీలో నీళ్లు పీల్చి పాడైన ఇంజిన్‌కు డబ్బు రావడం చాలా కష్టం. దానికి ఇంజిన్ ప్రొటెక్షన్ అని వేరే కవర్ తీసుకోవాలి. ఇంటేక్ మార్చిన సంగతి ఇన్సూరెన్స్ కంపెనీకి రాతపూర్వకంగా తెలియజేయండి. చెప్పకుండా దాచిన మార్పు క్లెయిమ్ రోజున బయటపడుతుంది. నీళ్లలో ఆగాక సెల్ఫ్ కొట్టారని సర్వేయర్ రాస్తే అది ఇంకో చిక్కు.

నీళ్లు కనిపించాక

- లోతు తెలియకపోతే దిగొద్దు. లక్ష్మీపురం సర్కిల్ దగ్గరైనా, పల్లె దారిలో చప్టా మీదైనా ఇదే మాట.
- ముందు ఆటో దాటిందని మీరు దిగొద్దు. ఆటోది మీ ఫిల్టర్ కాదు.
- చెరువు మరవ (అలుగు) పోతుంటే ఆ దారే వద్దు. నీళ్లు పారుతుంటే లోతు కొలిచి లాభం లేదు.
- నిలబడిన నీళ్ల ఎత్తు వేరు, మీరు వెళ్తుంటే బంపర్ ముందు లేచే అల ఎత్తు వేరు. ఫిల్టర్ ఉండేది ఆ అల వెనకే. ఫస్ట్ గేర్, నడక వేగం.
- ఎదురుగా బస్సు గానీ లారీ గానీ వస్తుంటే ఆగి, అది దాటాకే దిగండి. దాని అల మీ బంపర్ మీదికి వస్తుంది.
- ట్రాఫిక్‌లో ఇంజిన్ దానంతట అదే ఆగి మళ్లీ స్టార్ట్ అయ్యే సదుపాయం ఉంటే, నీళ్లకు ముందే ఆ బటన్ ఆఫ్ చేయండి. అది చేసేదీ సెల్ఫే.
- ఇంజిన్ ఆగిందా, తాళం ఆఫ్ వైపు తిప్పేయండి. చేయి తీసేయండి.
- సెల్ఫ్ కొట్టొద్దు.
- పక్కనున్నవాళ్లు "ఇంకొక్కసారి కొట్టన్నా" అంటారు. వినొద్దు. రాడ్డు డబ్బులు వాళ్లు కట్టరు.
- తోసి గేర్‌లో వేసి స్టార్ట్ చేయడం సెల్ఫ్ కంటే ఘోరం. న్యూట్రల్‌లో పెట్టి బయటికి మాత్రమే తోయించండి.
- అండర్ బ్రిడ్జి కింద నీళ్లు పెరుగుతుంటే కారు వదిలేయండి. ముందు పిల్లల్ని, పెద్దవాళ్లని దించండి. అద్దాలు పనిచేస్తున్నప్పుడే దించేయండి, తలుపులు తెరుచుకుంటున్నప్పుడే తెరవండి. సెల్ఫ్ కొడుతూ కూర్చునే సమయం అది కాదు.
- రాత్రి కొండ దిగి అలిసిపోయి వచ్చే బయటి ఊరి బండ్లకు మన అండర్ బ్రిడ్జిలు తెలియవు. ఎవరైనా దిగబోతుంటే చేయి అడ్డుపెట్టి ఆపండి.
- బయటికి తోశాక నీళ్లు కారిపోయాయి కదా అని సెల్ఫ్ కొట్టొద్దు. బయటి నీళ్లు కారాయి, సిలిండర్‌లోవి అక్కడే ఉన్నాయి.
- బ్యాటరీ నెగటివ్ తీసేయండి. ఎత్తుకెళ్లే బండి పిలిపించండి, తాడు కట్టి గేర్‌లో లాగించొద్దు.
- షెడ్డులో మీరు పక్కనే నిలబడండి. మొదట ఫిల్టర్ విప్పించి చూడండి. తడిగా ఉంటే స్పార్క్ ప్లగ్గులన్నీ తీయించండి, డీజిల్ అయితే ఇంజెక్టర్లో గ్లో ప్లగ్గులో. ముందు పానాతో చేత్తో ఇంజిన్ తిప్పాలి, తర్వాతే సెల్ఫ్‌తో నీళ్లు బయటికి కొట్టించాలి. మెకానిక్ ఇవేవీ తీయకుండా తాళం అడిగితే ఇవ్వకండి.
- టర్బో బండి అయితే ఇంటర్‌కూలర్ (టర్బో నుంచి వచ్చే గాలిని చల్లబరిచేది) కూడా విప్పించండి. చాలా బండ్లలో కింద ఉంటుంది, నీళ్లు అందులో దాక్కుంటాయి.
- ఆయిల్ తెల్లబడి ఉంటే నీళ్లు కలిసినట్టే. ఆయిల్, ఆయిల్ ఫిల్టర్ మార్చకుండా నడపొద్దు.
- స్టార్ట్ అయ్యాక కొత్త శబ్దం గానీ వణుకు గానీ ఉంటే కంప్రెషన్ చూపించండి. కొద్దిగా వంగిన రాడ్డు వారాల తరబడి నడుస్తుంది, ఆ తర్వాత ఏ హైవే మీదో విరిగి ఇంజిన్ బ్లాక్‌ను పగలగొట్టుకుని బయటికి వస్తుంది. "నడుస్తోంది కదా" అని వదిలేయొద్దు.
- కాటన్ ఫిల్టర్ తడిస్తే నీడలో పూర్తిగా ఆరనివ్వండి. ఆరాక ఫిల్టర్‌కు వాడే ఆయిల్ పలచగా పట్టించండి. ఎక్కువైతే ఎయిర్ ఫ్లో సెన్సార్ పాడవుతుంది.
- కారు అమ్మేటప్పుడు, కొన్నవాళ్లకు ఫిల్టర్ ఎక్కడుందో చూపించి తాళం ఇవ్వండి. డ్రైవర్‌ను పెట్టుకుంటే డ్రైవర్‌కు, తమ్ముడికి ఇస్తే తమ్ముడికి, వంగించి చూపించండి. నీళ్లలో ఆగితే సెల్ఫ్ కొట్టొద్దని అప్పుడే చెప్పండి.