ఇంటి సౌర విద్యుత్ పెట్టె – 3వ పాఠం: నాలుగు సెల్లు, ఐదు సన్న తీగలు

గత పాఠంలో, కరెంటు లేని ఒక రాత్రికి ఈ పెట్టె ఇవ్వవలసిన విద్యుత్తును లెక్కగట్టాము. 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాను 8 గంటలు, 9 వాట్ల బల్బులు రెండు 5 గంటలు, మూడు ఫోన్లు, ఒక వైఫై రూటరు కలిపి 425 వాట్-గంటలు తేలాయి. ఇన్వర్టరులో వృథా అయ్యే 15 శాతాన్ని కూడా లెక్కలోకి తీసుకుంటే 500 కావాలి. అంటే కరెంటు బిల్లు లెక్కలో అర యూనిట్. ఇంతేనా అనిపించవచ్చు గానీ, 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వెళ్లాక ఉద్దానం పల్లెల్లో రోజుల తరబడి చీకట్లో గడిపినవారికి ఆ అర యూనిట్ విలువ వేరే చెప్పనక్కరలేదు. 3.2 వోల్టులు, 50 ఆంపియర్-అవర్ల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ సెల్లు నాలుగింటిని సిరీస్‌లో, అంటే ఒకదాని ప్లస్‌ను పక్కదాని మైనస్‌కు కలిపితే 640 వాట్-గంటలు వస్తాయి. అందులో 80 శాతమే వాడుకున్నా 512 చేతికందుతాయి కనుక మన పని జరుగుతుంది.

సిరీస్‌లో కలపడానికి ముందు నాలుగు సెల్లనూ సమానం చేయాలి. మల్టీమీటర్‌లో నాలుగూ 3.29 అని చూపిస్తున్నాయి కదా, ఇక సమానం చేయవలసింది ఏముందని చాలామంది ఈ మెట్టును దాటవేస్తారు. చిక్కంతా అక్కడే వస్తుంది. ఈ రకం సెల్లు దాదాపు ఖాళీ అయ్యేదాకా, లేదా దాదాపు నిండేదాకా ఇంచుమించు ఒకే వోల్టేజి చూపిస్తాయి కాబట్టి, సగం నిండినదానికీ ముప్పావు నిండినదానికీ తేడా మీటరుకు సరిగా అందదు. లోపలికి చూపు ఆనని బిందెలు సమానంగా ఉన్నాయని తెలియాలంటే అన్నింటినీ అంచుదాకా నింపడమొక్కటే దారి.

అందుకోసం నాలుగు సెల్లనూ ముందు ప్యారలల్‌లో, అంటే ప్లస్‌లన్నీ ఒక వైపు, మైనస్‌లన్నీ ఒక వైపు కలపండి. బెంచ్ పవర్ సప్లయిని సెల్లకు తగిలించకముందే 3.65 వోల్టులకు సరిచేసి, ఆ తరువాతే తీగలు కలపండి. కలిపిన తరువాత సప్లయిలో వోల్టేజి మార్చే గుండీని ముట్టుకోవద్దు. సగం నిండిన సెల్లయితే 10 ఆంపియర్ల సప్లయికి దాదాపు పది గంటలు పడుతుంది. కరెంటు 2 ఆంపియర్ల దిగువకు పడిపోయినప్పుడు ఆపివేయండి. ఇది పగలు, మనిషి దగ్గరుండి చేయవలసిన పని. రాత్రి పెట్టి పడుకోకూడదు.

ఇప్పుడు సెల్లను విడదీసి, ఒకదాని ప్లస్ పక్కదాని మైనస్‌కు వచ్చేలా తిప్పి పేర్చి, బస్ బార్లు (టెర్మినళ్లను కలిపే లోహపు పట్టీలు) బిగించండి. స్పానర్‌కు నట్టు పట్టే కొస మాత్రమే మిగిలేలా ఇన్సులేషన్ టేపు చుట్టండి, చేతి ఉంగరం తీసి పక్కన పెట్టండి. నా మొదటి పెట్టె కట్టేటప్పుడు టేపు చుట్టని స్పానర్ జారి రెండు టెర్మినళ్ల మీద అడ్డంగా పడింది. టప్పుమన్న చప్పుడుతో నీలిమంట వచ్చింది. చూసేసరికి స్పానర్ అంచు ఎలుక కొరికినట్టు అర్ధచంద్రాకారంలో కరిగిపోయి ఉంది. ఆ స్పానర్‌ను నేటికీ బల్ల మీదే ఉంచుకున్నాను.

తరువాత బీఎంఎస్, అంటే ఒక్కో సెల్ వోల్టేజినీ కనిపెడుతూ బ్యాటరీని కాపాడే బోర్డు. 50 ఆంపియర్ల 4ఎస్ (సిరీస్‌లో నాలుగు సెల్ల) రకం, లిథియం ఐరన్ ఫాస్ఫేట్‌కు తగినదే తీసుకోండి. బీ మైనస్ అని రాసి ఉన్న లావు తీగను ముందు బ్యాటరీ మైనస్‌కు బిగించండి. ఐదు సన్న తీగలున్న ప్లగ్గును బోర్డు నుంచి ఊడదీసి పక్కన పెట్టి, నల్ల తీగను మొత్తం బ్యాటరీ మైనస్‌కు, మిగిలిన నాలుగింటిని ఒకటో సెల్ ప్లస్ నుంచి నాలుగో సెల్ ప్లస్ దాకా వరుసగా కలపండి. ఇప్పుడు మీటరు నల్ల కడ్డీని నల్ల తీగ పిన్నుకు ఆనించి, ఎర్ర కడ్డీతో ఒక్కో పిన్నునూ తాకుతూ వెళ్లండి. ఇప్పుడే నిండిన సెల్లు కాబట్టి ఒక్కొక్కటి 3.4 దగ్గర ఉందనుకుంటే 3.4, 6.8, 10.2, 13.6 రావాలి. వరుస తప్పితే తీగలు తారుమారయ్యాయన్నమాట; అలాగే ప్లగ్గు పెడితే బోర్డు కాలిపోతుంది. అన్నీ సరిపోయినప్పుడే ప్లగ్గు నొక్కండి.

ఫ్యూజు విషయంలో పొదుపు పనికిరాదు. మన 300 వాట్ల ఇన్వర్టరు పూర్తి లోడు మీద దాదాపు 28 ఆంపియర్లు లాగుతుంది కాబట్టి, 10 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ వాడి, బ్యాటరీ ప్లస్‌కు వీలైనంత దగ్గరగా 40 ఆంపియర్ల డీసీ ఫ్యూజు పెట్టండి. ఇంటి మీటరు దగ్గర వాడే మామూలు ఎంసీబీని (కరెంటు మితిమీరితే తానే పడిపోయే స్విచ్‌ను) ఇక్కడ పెట్టవద్దు. మన ఇళ్లలోని ఏసీ కరెంటు సెకనుకు 100 సార్లు సున్నాను తాకుతుంది కనుక స్విచ్ విడిపోయినప్పుడు పుట్టిన మెరుపు తానే ఆరిపోతుంది. డీసీలో ఆ అవకాశం లేక అది మండుతూనే ఉంటుంది.

పెట్టెకు ఫ్యాను, బల్బు లాంటి లోడు ఏదీ ఇంకా తగిలించకుండా ఒక రాత్రి వదిలివేసి, మర్నాడు ఒక్కో సెల్ వోల్టేజిని కాగితం మీద రాసుకోండి. ఏదైనా ఒకటి మిగిలిన మూడింటికన్నా బాగా తగ్గి కనిపిస్తే, దాన్ని మార్చేదాకా ముందుకు వెళ్లవద్దు. ఆ కాగితం దగ్గర పెట్టుకొని నాలుగవ పాఠానికి రండి. అందులో 100 వాట్ల ప్యానెల్‌ను, చార్జ్ కంట్రోలర్‌ను కలుపుతాము.