షాపు కంప్యూటర్‌లో నాకు పని తగ్గించినవి

నల్లగొండ క్లాక్‌టవర్ దగ్గర మాది జిరాక్స్, ఆన్‌లైన్ అప్లికేషన్ల షాపు. అడ్మిషన్ల సీజన్‌లో 'నల్లగొండ జిల్లా, తెలంగాణ, 508001' అని పొద్దంతా కొట్టాల్సిందే. ఆ తిప్పలు తప్పాలంటే విండోస్ కీ పట్టుకుని వి నొక్కండి. మొదటిసారి 'టర్న్ ఆన్' అంటుంది. ఆన్ చేస్తే అక్కడి నుంచి కాపీ చేసినవి 25 దాకా వరుసగా కనిపిస్తాయి, కావాల్సినదాన్ని నొక్కితే ఫారంలో పడిపోతుంది. రోజూ వాడే ముక్క దగ్గరున్న పిన్ గుర్తు నొక్కితే సిస్టమ్ రీస్టార్ట్ చేసినా పోదు. కాకపోతే కస్టమర్ ఆధార్ నంబర్, పాస్‌వర్డ్ కాపీ చేస్తే అవీ అందులోనే ఉంటాయి. ఆ మనిషి లేవగానే 'క్లియర్ ఆల్' కొట్టండి, పిన్ చేసినవి అలాగే ఉంటాయి.

ఫొటోల సైజు తగ్గించడానికి మైక్రోసాఫ్ట్ వాళ్ల పవర్‌టాయ్స్ అనే సాఫ్ట్‌వేర్ వేసుకోండి, ఉచితమే. ఫొటోలన్నీ ఒకేసారి సెలెక్ట్ చేసి రైట్ క్లిక్‌లో ఇమేజ్ రీసైజర్ ఎంచుకుంటే, ఒరిజినల్‌ను ముట్టకుండా పక్కనే చిన్న కాపీలు వేస్తుంది. ఇంత చిన్న పనికి ఫొటోషాప్ ఎందుకు తెరుస్తారో నాకైతే అర్థం కాదు.

'అన్నా, పోయినేడు మా పాప ఫారం ఉందా?' అని వచ్చేవాళ్ల కోసం ఎవ్రీథింగ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ పెట్టుకున్నా. అక్షరాలు కొడుతుండగానే ఫైల్ చూపిస్తుంది. మామూలుగా అది వెతికేది ఫైల్ పేర్లనే కాబట్టి 'స్కాన్001' అని వదిలేయకుండా 'నకిరేకల్-అనిత-2025' లాగా సేవ్ చేయండి.