గల్ఫ్ సొమ్ముతో కోనసీమలో చిన్న వ్యాపారం

కువైట్‌లో ఇంటిపని చేసే ఆడపడుచు పంపే సొమ్ముతో కొబ్బరి పీచు పనినో, 2023లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆత్రేయపురం పూతరేకుల తయారీనో మొదలుపెట్టదలచిన కుటుంబం ముందుగా ఆ డబ్బును ఇంటి ఖర్చుల నుంచి వేరు చేయాలి. విదేశంలో ఉన్నవారు అక్కడి సంపాదనను మన బ్యాంకులో దాచుకునే ఎన్‌ఆర్‌ఈ ఖాతా తెరిస్తే దాని వడ్డీపై మన దేశంలో ఆదాయపు పన్ను ఉండదు. చిన్న వ్యాపారాలకు ప్రభుత్వం చేసే ఉద్యమ్ నమోదు ఉచితం కనుక దళారికి ఏమీ చెల్లించవద్దు.

పంపిన సొమ్మంతా యంత్రానికే వెచ్చించడం, నా దృష్టిలో, పెద్ద పొరపాటు: సరుకు ధర పడిపోయిన నెలల్లోనూ కూలీ, కరెంటు ఖర్చులు తప్పవు కాబట్టి ఆరు నెలలకు సరిపడా డబ్బు చేతిలో ఉంచుకొని, మిగతా పెట్టుబడికి చిన్న వ్యాపారాలకు కేంద్ర పథకం కింద ఇచ్చే, తాకట్టు అవసరంలేని ముద్రా రుణం కోసం బ్యాంకును అడగాలి. పరాయి వంటింట్లో మీ ఆడపడుచు కష్టపడి సంపాదించిన ప్రతి రూపాయికీ లెక్క రాసి, నెలనెలా ఆమెకు చూపండి.