వదులు తారు ముక్కల దారి ఎలా గట్టిపడిందంటే

బెంగళూరు శివార్లలో హోస్‌కోటె దగ్గర మా ఇల్లు. గేటు నుంచి పోర్టికో దాకా పాత రోడ్డు గీకిన తారు ముక్కలు పరిపించాం. వానకు కొట్టుకుపోయేవి, చెప్పులకు అంటుకుని ఇంట్లోకొచ్చేవి. నీళ్లు కొట్టి తొక్కించాం, సిమెంటు చల్లాం, డబ్బాల్లో దొరికే సీలర్ (పైపూత) పూశాం, ఏదీ నిలవలేదు.

ఏప్రిల్ మిట్టమధ్యాహ్నం, ముక్కలు వేడికి మెత్తబడ్డాక, చదునుగా సర్ది, అద్దె రోలర్‌తో మడమతో నొక్కినా దిగనంత గట్టిపడేదాకా తొక్కించాం. అసలు పని ఇదే. వదులు ముక్కల మీద ఏ పూతా ఆగదు. మర్నాడు దుమ్ము ఊడ్చి, కాస్త నీళ్లు చిలకరించి, నెమ్మదిగా గట్టిపడే ఎస్ఎస్-1 రకం తారు ఎమల్షన్ (నీళ్లలో కలిపిన తారు) పలచగా పోశాం. గోధుమ రంగు పోయి నల్లబడ్డాక రెండో పూత, పైన క్రషర్ డస్ట్ (కంకర మిల్లు రాతిపొడి). రెండు రోజులు కారు బయటే.

రెండు వానాకాలాలు తట్టుకుంది. మాది చదును నేల; వాలు ఎక్కువున్నచోట ఇలాగే నిలుస్తుందని చెప్పలేను.