రిగ్గింగ్ ఆరోపణను నమ్మే ముందు ఏం చూడాలి?

జాతీయ ఎన్నికల ముందు రిగ్గింగ్ వీడియో మీకు చేరినప్పుడు, వాదనకు దిగకముందే అందులోని ఒక దృశ్యాన్ని స్క్రీన్‌షాట్ తీసి, చిత్రంతో వెతికే గూగుల్ లెన్స్‌లో వెతకండి. అదే దృశ్యం పాత తేదీతోనో మరో దేశం పేరుతోనో కనిపిస్తే దాన్ని ఎవరికీ పంపకండి.

కనిపించకపోతే, ఇది ఏ పోలింగ్ కేంద్రం, ఏ రోజు, ఆధారంగా ఏ పత్రం ఉంది అని వీడియో పంపినవారిని మర్యాదగా అడగండి. అనుమానాన్ని ఎగతాళి చేయడం మాత్రం తప్పు. ఆఫ్రికా దేశం మలావీలో 2019 అధ్యక్ష ఎన్నికల ఫలితాల పత్రాలపై అంకెలను కరెక్షన్ ఫ్లూయిడ్‌తో దిద్దడం వంటి అక్రమాలు రుజువు కావడంతో, 2020 ఫిబ్రవరిలో న్యాయస్థానం ఆ ఎన్నికనే రద్దు చేసింది. అలాగని ప్రతి ఆరోపణా నిజం కాదు. అదే 2020లో అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో అధ్యక్ష ఎన్నికలో పడిన దాదాపు 50 లక్షల బ్యాలెట్లను చేత్తో తిరిగి లెక్కించినా విజేత మారలేదు.

ఓట్లు తొలగించారని ఎవరైనా అంటే, ముందుగా ఓటర్ల జాబితాలో తమ పేరు చూసుకుని, లేకపోతే గడువులోగా ఎన్నికల అధికారికి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయమనండి.