ప్రభల బొమ్మను కలరింగ్ పేజీ చేసిన తీరు

కోనసీమలోని జగ్గన్నతోటలో కనుమ రోజు కొలువుదీరే పదకొండు ఏకాదశ రుద్ర ప్రభల్లో (వెదురుతో కట్టి, రంగుబట్టలతో అలంకరించి మోసుకొచ్చేవి) ఒకదాన్ని ట్యాబ్‌లో రంగుల్లో గీశాను. దాన్ని గీతల పేజీగా మార్చిపెట్టమని మా పిన్ని అడిగింది. ఆవిడకి ఈమధ్య పెద్దల కలరింగ్ పుస్తకాల మీద మోజు.

అందరూ చెప్పే కిటుకు ఒకటుంది: బొమ్మను నలుపు తెలుపు చేసి, లేయర్‌కి (బొమ్మ ఉన్న పొరకి) నకలు తీసి, నకలుని ఇన్వర్ట్ చేసి (నలుపు తెలుపుల్ని తిరగేసి), కింది పొరని తేలిక చేసే కలర్ డాడ్జ్ పెట్టి, గాసియన్ బ్లర్‌తో మసక చేయడం. ఫోటోలకి బాగానే ఉంటుంది. నా బొమ్మకి మాత్రం మెత్తటి షేడింగంతా బూడిద మరకలై తేలింది. థ్రెషోల్డ్ (ఎంత ముదురుంటే నలుపు కావాలో చెప్పే హద్దు) పెంచితే కొబ్బరాకులు నల్లముద్ద, తగ్గిస్తే ప్రభ అంచులు మాయం.

"ఏరా, ఇందులో రంగు ఎక్కడ వెయ్యాలి?" అంది పిన్ని.

ఫిల్టర్లు పక్కనపెట్టి, క్రిత (Krita) అనే బొమ్మల యాప్‌లో అసలు బొమ్మ ఒపాసిటీని బాగా తగ్గించి, అంటే లేతగా కనిపించేలా చేసి, పైన కొత్త లేయర్‌లో నల్ల గీతలు చేత్తో గీశాను. ఏ4 కాన్వాస్, 300 డీపీఐ, అంటే 2480 బై 3508 పిక్సెళ్లు. బయటి గీత లావు, లోపలి నగిషీ సన్నం. ప్రతి గడీ మూసుకోవాలి. ఫిల్ టూల్‌తో రంగు పోసి చూడండి, సందు ఉన్నచోట పక్కకి పొర్లుతుంది. కొబ్బరాకు ఈనెలన్నీ గీయక్కర్లేదు, ఓపికా ఉండదు.

ఇంక్‌జెట్ ప్రింటు మీద స్కెచ్ పెన్ తగిలి గీత చెదిరింది. అమలాపురంలో లేజర్ ప్రింటు తీయిస్తే ఆ గొడవ లేదు. టోనర్ వేడికి కరిగి కాగితానికి అతుక్కుంటుంది. 75 జీఎస్‌ఎం (చదరపు మీటరుకి 75 గ్రాముల) కాగితం వద్దు, మందంది అడగండి. వెనకవైపు ఖాళీగా వదలండి.